ఇంటి స్టోరేజ్ సర్వర్‌కి ఏ పార్టులు తీసుకోవాలి? స్టూడియో ఫొటోల కోసం, విజయవాడ

పటమట_స్టూడియో

అందరికీ నమస్కారం అండి. పటమటలో మాది చిన్న ఫొటో స్టూడియో. నాన్నగారు తీసిన పెళ్లిళ్ల నెగటివులు స్కాన్ చేసినవి, నేను డిజిటల్‌లో తీస్తున్నవి, వీడియోలు అన్నీ కలిపి 6 టీబీ దాకా ఉన్నాయి. ముహూర్తాలు బాగా ఉన్న ఏడాది ఇంకో టీబీ, టీబీన్నర పెరుగుతుంది. ఇప్పుడన్నీ యూఎస్‌బీ డిస్కుల్లో, స్కెచ్‌పెన్‌తో పేర్లు రాసి బీరువాలో ఉన్నాయి. పదేళ్ల కిందటి ఆల్బమ్ కావాలని ఎవరైనా వస్తే ఒక్కొక్కటే గుచ్చి వెతకాలి. ఎడిటింగ్ ఇద్దరం చేస్తాం, ఇద్దరికీ ఒకేచోట కనబడాలి.

షాపులో ఇచ్చిన కొటేషన్ ఇది: రైజెన్ 7 5700ఎక్స్, 64 జీబీ ర్యామ్, గేమింగ్ బోర్డు, 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), గాజు తలుపు క్యాబినెట్, 4 టీబీ డెస్క్‌టాప్ డిస్కులు నాలుగు, రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా నాలుగూ కలిపి వాడే పద్ధతట). కింద షాపు గదిలో కౌంటర్ పక్కన పెడదామనుకుంటున్నాను. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ తగ్గించాలో చెప్పండి.

లక్ష్మీపురం_లైనక్స్

నమస్తే అండి, గుంటూరు నుంచి. ఆ కొటేషన్ తలకిందులుగా ఉంది. డబ్బంతా ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద పోసి, నాన్నగారి నెగటివులు దాచాల్సిన డిస్కుల దగ్గరికొచ్చేసరికి చవకవి పెట్టారు.

ఇద్దరు మనుషులు ఫైళ్లు తీసి పెట్టుకునే పెట్టెలో ఎనిమిది కోర్లకి పనే ఉండదు. గిగాబిట్ లాన్ మీద సెకనుకి 110 ఎంబీ దాకానే పోతుంది, ఆ మాత్రం ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న చిప్ కూడా లాగేస్తుంది. పైగా 5700ఎక్స్‌లో గ్రాఫిక్స్ లేదు, స్క్రీన్ మీద బొమ్మ రావాలంటే విడిగా కార్డు కొనాలి, అది 24 గంటలూ కరెంటు తాగుతుంది. ర్యామ్ 16 జీబీ చాలు. "డిస్కు టీబీకి ఒక జీబీ ర్యామ్" అని పాత చర్చల్లో కనిపిస్తుంది, ఇంటి వాడకానికి ఆ లెక్క అక్కర్లేదు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, అక్కడ మిగిలే డబ్బు డిస్కులకి వస్తుంది.

డిస్కుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను. హార్డ్ డిస్కులో రాసే పద్ధతులు రెండు, సీఎంఆర్, ఎస్‌ఎంఆర్. సీఎంఆర్‌లో ట్రాకులు దేనికది విడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటాయి, మధ్యలో ఒకటి మార్చాలంటే ఆ వరుస వరుసంతా కదపాలి. ఒకసారి కాపీ చేసి వదిలేసేవాళ్లకి తేడా తెలియదు. రెయిడ్‌లో ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు బయటపడుతుంది. గంటల్లో అయ్యే రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటా మళ్లీ నింపడం) రోజుల తరబడి సాగుతుంది, జవాబు రావట్లేదని సిస్టం ఆ కొత్త డిస్కునీ బయటికి నెట్టేయొచ్చు. సీగేట్ బారకుడా 4 టీబీలో ఎస్‌టీ4000డీఎం004 అన్నది ఎస్‌ఎంఆర్. మీ కొటేషన్‌లో మోడల్ నంబరు ఏముందో చూడండి.

పేరులో "నాస్" (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలకి చేసినది) అని ఉంటే చాలనుకోవద్దు. వెస్ట్రన్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వాటిలో కొన్ని ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద గొడవైంది, అమెరికాలో కేసులు కూడా వేశారు. ఆ తర్వాతే కంపెనీ సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. ఇవాళ రెడ్ ప్లస్, రెడ్ ప్రో, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ వీటిల్లో ఏది తీసుకున్నా సీఎంఆరే.

ఇంకొకటి. నాస్ డిస్కు ఒక సెక్టార్ చదవలేకపోతే ఏడు సెకన్లు ప్రయత్నించి "రాలేదు" అని చెప్పేస్తుంది, సిస్టం మిగతా డిస్కుల నుంచి ఆ ముక్క తెచ్చుకుంటుంది. డెస్క్‌టాప్ డిస్కు నిమిషం పైన కూడా దాంతోనే కుస్తీ పడుతుంది. అసలు రెయిడ్ తెగిపోవడానికి అది చాలు.

కృష్ణలంక_కుర్రాడు

అన్నా, నాదో మాట. ఆఫీసులు వదిలేసే ఐ5-8500 సిస్టమ్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, కరెంటు తక్కువ. ఒకటి తెచ్చి డిస్కులు పెట్టేస్తే సగం డబ్బు మిగులుతుంది కదా?

గవర్నర్‌పేట_అసెంబ్లర్

తమ్ముడూ, ప్రాసెసర్ వరకూ నువ్వన్నది కరెక్టే. ఇబ్బంది డబ్బాతో. ఆ బ్రాండెడ్ ఆఫీసు సిస్టమ్‌లలో మూడున్నర అంగుళాల డిస్కులు ఒకటో రెండో పడతాయి, ముందు నుంచి గాలి వచ్చే దారి ఉండదు. ఎస్‌ఎంపీఎస్ కూడా చాలావాటిలో వాళ్ల సొంత కనెక్టర్‌తో ఉంటుంది, పోతే బజారులో దొరికేది తగలదు, బోర్డు వేరే క్యాబినెట్‌లోకి మార్చడానికీ అదే అడ్డు. చదువుకునే పిల్లాడు నేర్చుకోవడానికి భేషైన పెట్టె. స్టూడియో మొత్తం దాని మీద నడవాలంటే మాత్రం బజారులో ఏ పార్టు పోయినా అదే రోజు దొరికేలా ఉండాలి.

ఇక్కడ అసెంబ్లింగ్ చేసేవాడిగా చెప్తున్నాను, కొటేషన్‌లో అందరూ చివర్న చూసేది, నేను డిస్కుల తర్వాత ముందు చూసేది క్యాబినెట్. ఇప్పుడొచ్చే గాజు తలుపు, రంగు లైట్ల క్యాబినెట్లలో డిస్కులకి చోటు అడుగున ఎస్‌ఎంపీఎస్ పక్కన రెండు. వాటి మీదికి గాలి రాదు. మన ఊళ్లో మే నెలలో, రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో వేడి 40 పైనే ఉంటుంది. కంపెనీలు డిస్కుకి 60, 65 డిగ్రీల దాకా ఓకే అని రాస్తాయి కానీ 50 దాటనివ్వకపోవడం మంచిది. ఫ్యాను ఎదురుగా డిస్కులు వరసగా నిలబడే క్యాబినెట్ కావాలి. ఫ్రాక్టల్ నోడ్ 804లో ఎనిమిది, నోడ్ 304లో ఆరు పడతాయి. ఆంటెక్ పీ101 సైలెంట్‌లో ఎనిమిది. ఇవి ఇక్కడ స్టాక్ ఉండవు, ఆన్‌లైన్‌లో గానీ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి గానీ తెప్పించాలి. అంత వద్దనుకుంటే ముందు మెష్ ఉండి, డిస్కుల బోను తీసేయకుండా వచ్చే మామూలు టవర్ చాలు. ముందు 140 ఎంఎం ఫ్యాను ఒకటి నెమ్మదిగా తిరిగినా మీ డిస్కులు చల్లగా ఉంటాయి. దుమ్ము జాలీ నెలకోసారి దులపండి.

డిస్కు బల్క్ పీసా, సీల్డ్ పీసా అడగండి. 2025 మొదట్లో వాడిన సీగేట్ ఎక్సోస్ డిస్కుల్ని, లోపలి గంటల లెక్క చెరిపేసి, కొత్తవని అమ్మిన వ్యవహారం యూరప్‌లో బయటపడింది. క్రిప్టో నాణేల తయారీలో వాడిన డిస్కులై ఉంటాయని అన్నారు. మామూలు స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) సున్నా గంటలే చూపించాయి. సీగేట్‌లో ఫార్మ్ లాగ్ అని ఇంకొకటి ఉంటుంది, అందులో అసలు గంటలు కనబడ్డాయి. కొన్న రోజే ఆ రెండూ పోల్చండి. కొనే ముందు సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి ఇండియా వారంటీ ఎంతవరకు ఉందో కౌంటర్ దగ్గరే చూడండి. నిజాయతీ ఉన్న షాపువాడు దానికి ఏమీ అనుకోడు.

పటమట_స్టూడియో

చాలా థాంక్స్ అండి. కొటేషన్ తీసి చూశాను, లక్ష్మీపురం గారు చెప్పిన మోడలే. మరి ఎన్100 బోర్డు తీసుకోవాలా, మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసరా? నాలుగు 4 టీబీ నాస్ డిస్కులు, రెయిడ్ 5 అంటే సరేనా?

మంగళగిరి_నెట్‌వర్క్

నాలుగు డిస్కులతో రెయిడ్‌జెడ్1 నా ఓటు. డేటాని తానే సరిచూసుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెయిడ్ 5 లాంటిదే అది. ఒక డిస్కు పోయినా నడుస్తుంది, 12 టీబీ చేతికొస్తుంది. రెయిడ్ 5 చచ్చిపోయిందని ఇంటర్నెట్ నిండా రాస్తారు, 10 టు ది పవర్ 14 బిట్లకి ఒక చదవలేని సెక్టార్ అని స్పెసిఫికేషన్‌లో ఉంటుంది, అంటే 12.5 టీబీ, కాబట్టి రీబిల్డ్ ఎప్పటికీ పూర్తి కాదని. ఆ అంకె కంపెనీ ఇచ్చే గరిష్ఠ హద్దు, నిజంలో డిస్కులు అంతకంటే చాలా బాగా చదువుతాయి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక సెక్టార్ రాకపోతే ఆ ఒక్క ఫైలు పేరు చెప్పి మిగతాది పూర్తి చేస్తుంది, పాత హార్డ్‌వేర్ రెయిడ్ కార్డుల్లా మొత్తం వదిలేయదు.

లక్ష్మీపురం_లైనక్స్

మంగళగిరి గారు చెప్పిన సాంకేతికం అంతా నిజం. కానీ పటమట మేడమ్ డేటా లెక్క వేసి చూడండి. 12 టీబీ అంటే సిస్టమ్‌లో కనబడేది 10.9. నూటికి ఎనభై నిండాక ఖాళీ చేసుకోవడమో పెంచుకోవడమో మొదలుపెట్టాలి, అంటే చేతికొచ్చేది 8.7. ఇవాళే 6 టీబీ ఉంది, ఏటా టీబీన్నర. రెండేళ్లు తిరిగేసరికి బోర్డు మీద డిస్కులు తగిలించే నాలుగు సాటా పోర్టులూ నిండిపోయి ఉంటాయి, చోటూ నిండిపోయి ఉంటుంది.

అదే 12 టీబీ డిస్కులు రెండు మిర్రర్ (రెండిట్లోనూ ఒకే డేటా) పెట్టారనుకోండి. చోటు అంతే. డిస్కులు రెండే కాబట్టి వేడి, కరెంటు తగ్గుతాయి. రెండు పోర్టులు ఖాళీ, నిండినప్పుడు ఇంకో జత పెట్టి పూల్ (డిస్కులన్నీ కలిపిన చోటు) పెంచుకోవచ్చు. మిర్రర్‌లో డిస్కు మార్చడం ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ, అంతే. రెయిడ్‌జెడ్‌కి ఒక్కో డిస్కు కలిపే సౌకర్యం ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో 2025లో వచ్చింది, ఆ సంగతి తెలుసు, కానీ ఆమెకి ఆ తిప్పలు దేనికి?

మూడో డిస్కు కూడా లెక్కలో పెట్టుకోండి. అది ఈ పెట్టెలోకి కాదు.

సింగ్‌నగర్_వాసి

ఆ మూడో డిస్కు గురించే నేను రాద్దామని వచ్చాను. మేడమ్, కింద షాపు గదిలో కౌంటర్ పక్కన అన్నారు. దయచేసి పెట్టొద్దు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్లు తెగి మా అజిత్‌సింగ్‌నగర్ మునిగింది. రాత్రికి రాత్రి కింది అంతస్తుల్లోకి నీళ్లొచ్చాయి. మా కింది పోర్షన్‌లో డీటీపీ సెంటర్ నడిపే ఆయన సిస్టమ్‌లో రెయిడ్ ఉంది, రెండు డిస్కుల్లో ఒకే డేటా. రెండూ ఒకే డబ్బాలో, ఒకే నీళ్లలో మునిగాయి. ఎక్స్‌టర్నల్ బ్యాకప్ డిస్కు అదే టేబుల్ సొరుగులో ఉంది. మనుషులు ఎలా బయటపడ్డామన్నదే అప్పుడు ముఖ్యం, అవి గుర్తొచ్చింది నీళ్లు తీశాకే. ఆరబెట్టి కరెంటు ఇచ్చి చూశారు, దాంతో ఉన్న ఆశ కూడా పోయింది. నీళ్లలో పడ్డ డిస్కుకి ఎప్పుడూ కరెంటు ఇవ్వకూడదు, ఎండలో పెట్టకూడదు, డేటా రికవరీ వాళ్ల దగ్గరికి ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లాలి.

అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పటమటకి రాలేదు కదా అనుకోవద్దు. పెట్టె పై అంతస్తులో ఉండాలి, ఇంకో కాపీ ఇంకో ఊళ్లో ఉండాలి. పెళ్లి ఫొటో పోతే మళ్లీ ఆ పెళ్లి చెయ్యలేం కదండీ.

పటమట_స్టూడియో

మీరు రాసింది చదివి నాన్నగారికి వినిపించాను. పైన మేము ఉండే పోర్షన్‌లో హాలు పక్క గది ఉంది, అక్కడికి మారుస్తాను. మా చెల్లెలు గుంటూరు అరండల్‌పేటలో ఉంటుంది, రెండో అంతస్తు. వాళ్లింట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. మూడో డిస్కు అక్కడ పెట్టొచ్చా? మా ఇద్దరికీ లైనక్స్ రాదు.

మంగళగిరి_నెట్‌వర్క్

పెట్టొచ్చు, ఇదే అన్నిటికంటే మంచి ఏర్పాటు. రెయిడ్‌జెడ్1కి వేసిన నా ఓటు కూడా వెనక్కి తీసుకుంటున్నాను, మిర్రరే పెట్టండి. అక్కడికి ఎన్100 బోర్డు, 8 జీబీ ర్యామ్, ఒక 12 టీబీ డిస్కు చాలు. కృష్ణలంక తమ్ముడు చెప్పిన పాత ఆఫీసు సిస్టం కూడా అక్కడ సరిగ్గా సరిపోతుంది, ఒక్క డిస్కే కాబట్టి.

మన ఇళ్లకి వచ్చే ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, సీజీనాట్ (ఒకే ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉంటాయి. రూటర్‌లో పోర్టు తెరిస్తే పని చెయ్యదు, చేసినా తెరవొద్దు. రెండు పెట్టెల్లోనూ టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టండి, సీజీనాట్ ఉన్నా ఒకదానికొకటి కనబడతాయి.

మొదటి 6 టీబీ నెట్ మీద పంపొద్దు. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ ఉన్నా సెకనుకి 12 ఎంబీ, ఆపకుండా పంపినా ఆరు రోజులు పడుతుంది. ఆ డిస్కుని పటమటలోనే తగిలించి మొత్తం కాపీ చేసి, బబుల్ కవర్‌లో చుట్టి, పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి. తర్వాత రోజూ మారినంతే వెళ్తుంది. 50 జీబీ పెళ్లి అయితే గంటా పది నిమిషాలు.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చేయించండి. పటమట పెట్టె గుంటూరికి పంపడం కాకుండా, గుంటూరు పెట్టే వచ్చి లాక్కునేలా పెట్టాలి. పటమటలో ఎవరి కంప్యూటర్‌లోకైనా రాన్సమ్‌వేర్ దూరి అన్నీ లాక్ చేసినా, గుంటూరు కాపీని చెరిపే తాళం దాని దగ్గర ఉండదు. రెండు వైపులా జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్‌లు (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో గుర్తుంచుకునేవి) ఉంటే నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లొచ్చు.

కృష్ణలంక_కుర్రాడు

అక్కా, ఒక ఎన్‌వీఎంఈ క్యాష్ (డిస్కుల ముందు స్పీడు ఎస్‌ఎస్‌డీ) కూడా పెట్టించండి. ఎడిటింగ్ స్పీడుగా ఉంటుంది.

లక్ష్మీపురం_లైనక్స్

తమ్ముడూ, ఆమె పనికి అది ఉపయోగపడదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఎస్‌లాగ్ అనేది సింక్ రైట్లకే, అంటే డేటా ఖాయంగా రాసినట్టు జవాబు వచ్చేదాకా ఆగే రాతలకే పనికొస్తుంది, విండోస్ నుంచి షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసేటప్పుడు అవి ఉండవు. ఎల్2ఆర్క్ అనే చదివే క్యాష్ చదివిందే పదే పదే చదివేవాళ్లకి, అందుకు కూడా ముందు ర్యామ్ ఉండాలి. నడుస్తున్న పెళ్లి ఎడిటింగ్ మీ సొంత కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీలోనే చేసుకుని, రోజు చివర సర్వర్‌కి పంపండి. స్పీడు కావాలంటే 2.5 గిగాబిట్ లాన్ మీద పెట్టండి, సెకనుకి 280 ఎంబీ దాకా పోతుంది. అది ఉన్న బోర్డు, ఒక చిన్న స్విచ్, ఎడిటింగ్ సిస్టమ్‌లకి కార్డులు కావాలి.

మంగళగిరి_నెట్‌వర్క్

కేబుల్ సంగతి నేను చెప్తా. క్యాట్5ఈ చాలు, కానీ అసలు రాగిది కావాలి. చవక కట్టల్లో అల్యూమినియం తీగకి రాగి పూత ఉంటుంది, సీసీఏ అంటారు. కోసి కత్తితో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. అది గోడలో వేయించుకోవద్దు.

గవర్నర్‌పేట_అసెంబ్లర్

ఎన్100 అడిగారు కదా. గుంటూరికి సరే. పటమటకి ఐ3-12100, డీడీఆర్4 బీ760 బోర్డు చెప్తాను. లోపలే గ్రాఫిక్స్, నాలుగు సాటా పోర్టులు నేరుగా చిప్‌సెట్ నుంచి, 2.5 గిగాబిట్ లాన్ ఉన్న మోడల్ చూసి తీసుకోండి. ఎన్100 బోర్డుల్లో ఎక్కువ పోర్టులు ఉన్నవాటిలో జేఎంబీ585 లాంటి అదనపు సాటా చిప్ తగిలించి ఉంటుంది, పనిచేస్తుంది, కానీ బోర్డు పోతే ఇక్కడ దొరకదు. ఐ3 బోర్డు పోతే సాయంత్రానికల్లా గవర్నర్‌పేటలో ఇంకోటి తెచ్చుకుని డిస్కులు గుచ్చితే పూల్ అదే లేస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఏ బోర్డు అన్నది లెక్క లేదు.

ముందు ముందు నాలుగు పోర్టులు చాలకపోతే ఎల్ఎస్ఐ 9207-8ఐ లాంటి కార్డు ఐటీ మోడ్‌లో (తాను రెయిడ్ చేయకుండా డిస్కుల్ని నేరుగా చూపించేలా) పెట్టుకోవచ్చు, దానికి గాలి బాగా కావాలి. ఒక పోర్టుని ఐదుగా చీల్చే పోర్ట్ మల్టిప్లయర్ల జోలికి వెళ్లొద్దు.

ఉండవల్లి_ఆర్కైవ్

ఇంతవరకూ ఎవరూ ఈసీసీ (తప్పు బిట్‌ని తానే పట్టి దిద్దుకునే ర్యామ్) మాటే ఎత్తలేదు. ఇవి ఒరిజినల్స్. ర్యామ్‌లో ఒక బిట్ తిరగబడితే, ఆ తప్పు బిట్‌కే జెడ్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) కట్టి రెండు డిస్కుల మీదా, తర్వాత గుంటూరులోనూ పదిలంగా దాచిపెడుతుంది. ఏఎండీ ఏఎం4లో ఈసీసీ తక్కువలో వస్తుంది. రైజెన్ 5 5600కి బోర్డు ఒప్పుకుంటే ఈసీసీ నడుస్తుంది. 5600జీకి నడవదు, జీ రకాల్లో ప్రో అని ఉన్నవాటికే. ఇంటెల్‌లో అయితే డబ్ల్యూ680 బోర్డు కావాలి, అది ఖరీదు. నేను తాళపత్రాల స్కాన్లు దాచే పెట్టెలో ఈసీసీయే పెట్టాను, ఈ విషయంలో రాజీ పడను.

లక్ష్మీపురం_లైనక్స్

ఈసీసీ మంచిదన్నదాంట్లో నాకు వాదన లేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ రాసినవాళ్లలో ఒకరైన మాథ్యూ ఆరెన్స్ కూడా ఇదే చెప్పారు: వేరే ఫైల్ సిస్టమ్‌ల కంటే జెడ్‌ఎఫ్‌ఎస్‌కే ఈసీసీ ఎక్కువ అవసరం అనేదేమీ లేదు, డేటా మీద ప్రేమ ఉంటే ఏ ఫైల్ సిస్టమ్‌తో అయినా పెట్టుకోండి అని. కానీ డెస్క్‌టాప్ బోర్డుకి పట్టే ఈసీసీ ర్యామ్ (యూడీఐఎంఎం) ఇక్కడ దొరకదు. 5600కి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ ఖర్చంతా కలిపితే గుంటూరు డిస్కు డబ్బు దాటిపోతుంది. రెండిట్లో ఒకటే కొనగలిగితే నేను రెండో ఊరి కాపీయే కొంటాను. ర్యామ్‌ని మెమ్‌టెస్ట్86తో ఒక రాత్రంతా పరీక్షించి పెట్టండి.

ఉండవల్లి_ఆర్కైవ్

రెండిట్లో ఒకటే అంటే మీ మాటే. రెండూ కొనగలిగిన రోజున నా మాట గుర్తుపెట్టుకోండి. అప్పటిదాకా కెమెరా కార్డు వెంటనే చెరపకండి, గుంటూరు కాపీ అయ్యాక రెండు మూడు ఫొటోలు అక్కడి నుంచే తెరిచి చూసి అప్పుడు చెరపండి.

బ్రాడీపేట_ఎలక్ట్రికల్

అందరూ కంప్యూటర్ గురించే మాట్లాడుతున్నారు, గోడలోంచి వచ్చే కరెంటు గురించి చెప్పనివ్వండి. ముందు ఎర్తింగ్. పాత ఇళ్లలో మూడో పిన్ను ఉంటుంది, దానికి వైరు ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతుంటే ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్ చేత ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించండి. గుంత ఎండిపోయి ఉంటే ఉప్పు, బొగ్గు వేయించి నీళ్లు పోయించండి. ఇది డిస్కు కొనక ముందు పని.

ఎస్‌ఎంపీఎస్ 750 వద్దు. మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు 25 వాట్ల దాకా లాగుతుంది, తిరుగుతున్నాక ఐదారు. రేపు నాలుగు డిస్కులైనా మొదట్లో 100 వాట్లు. పేరున్న కంపెనీది 450 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ చాలు. సాటా పవర్ కనెక్టర్లు దానికే నాలుగు ఉండాలి. పాత మోలెక్స్ నుంచి సాటాకి మార్చే అడాప్టర్లు అమ్ముతారు, వాటిలో ప్లాస్టిక్ పోతపోసిన రకం లోపల షార్టై కాలిపోతుంది. పెట్టొద్దు.

యూపీఎస్ తప్పనిసరి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందని ఆగిపోకండి. ఇన్వర్టర్ మారేలోపు వచ్చే గ్యాప్ ఫ్యానుకి తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. ఉన్న ఇన్వర్టర్‌కి వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేసి, దాని తర్వాత 600 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టండి. కొనేటప్పుడు యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్నదే అడగండి, చవక వాటికి ఉండదు. అది ఉంటేనే బ్యాటరీ తగ్గేటప్పుడు సర్వర్ తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది.

బిల్లు సంగతి. ఐ3, రెండు డిస్కులు కలిపి 35 వాట్లు అనుకుంటే నెలకి 25 యూనిట్లు. మీ వాడకం 225 యూనిట్లు దాటి 400 లోపు ఉండే ఇల్లయితే ఆ స్లాబులో యూనిట్ 8.75, అంటే 220 రూపాయల చిల్లర, ఇతర చార్జీలు వేరే. గ్రాఫిక్స్ కార్డున్న పాత కొటేషన్ అయితే ఇంతకి రెట్టింపు. షాపు మీటరు మీద వేస్తే కమర్షియల్ రేటు పడుతుంది, పైకి మార్చడం ఆ విధంగానూ మంచిదే.

పటమట_స్టూడియో

ఎర్తింగ్ కొలిపించాను, మీరన్నట్టే గుంత ఎండిపోయి ఉంది. ఆదివారం బాగుచేయిస్తున్నాం.

ఇప్పుడు అనుకుంటున్నది ఇది. పటమటలో పై అంతస్తులో ఐ3-12100, బీ760 డీడీఆర్4 బోర్డు, 16 జీబీ, 450 వాట్లు, డిస్కుల ముందు ఫ్యాను ఉన్న మెష్ టవర్, బూట్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, 12 టీబీ నాస్ డిస్కులు రెండు మిర్రర్. గుంటూరులో పాత ఆఫీసు సిస్టం, ఒక 12 టీబీ. రెండు చోట్లా యూపీఎస్. సాఫ్ట్‌వేర్ ట్రూనాస్, బ్రౌజర్‌లోనే అన్నీ చేసుకోవచ్చని చదివాను. పాత కొటేషన్‌తో పోలిస్తే డిస్కుల ఖర్చు పెరిగింది, మిగతాదంతా తగ్గింది. డిస్కులు మూడూ ఒకే షాపులో కొనాలా?

లక్ష్మీపురం_లైనక్స్

బాగుంది. ఒకే పెట్టెలోంచి వచ్చిన వరస నంబర్ల డిస్కులు తీసుకోకండి, ఒకే లోపం ఉంటే ఒకేసారి పోతాయి. రెండు ఇక్కడ, ఒకటి ఆన్‌లైన్‌లో కొనండి. లేదా ఒకటి ఐరన్‌వుల్ఫ్, ఒకటి రెడ్ ప్లస్ తీసుకోండి, మిర్రర్‌కి కంపెనీ ఒకటే కానక్కర్లేదు. సైజుల్లో కాస్త తేడా ఉంటే చిన్నదాని లెక్కే పడుతుంది, అంతే.

వచ్చిన వెంటనే ఫొటోలు ఎక్కించకండి. ముందు స్మార్ట్ లాంగ్ టెస్ట్, తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ రాత పరీక్ష. అది డిస్కు మొత్తం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చదువుతుంది, 12 టీబీకి వారం దాకా పట్టొచ్చు. అది అయ్యాక స్మార్ట్‌లో 5, 197, 198 నంబర్ల గళ్లు (పాడైన, అనుమానమున్న సెక్టార్ల లెక్క) చూడండి. మూడూ సున్నా ఉండాలి. ఒక్కటి కదిలినా షాపుకి తిప్పిచ్చేయండి, మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోండి. 199 పెరిగితే డిస్కు తప్పు కాదు, సాటా కేబుల్ మార్చి చూడండి.

నెలకోసారి స్క్రబ్ (డేటా మొత్తం చదివి సరిచూడటం) పెట్టండి, మెయిల్ అలర్ట్ మీకూ చెల్లెలికీ ఇద్దరికీ వెళ్లేలా.

సింగ్‌నగర్_వాసి

పాత యూఎస్‌బీ డిస్కులు అమ్మేయకండి మేడమ్. కాపీ అయ్యాక అవి కూడా గుంటూరు పంపేయండి, ఏడాదికోసారి తగిలించి చూస్తే చాలు.

పటమట_స్టూడియో

అలాగేనండి, బీరువా అక్కడికే వెళ్తుంది. మే ఎండల్లో పై గదిలో డిస్కుల వేడి ఎంతవరకు వస్తే కంగారు పడాలి? ఆ గది నేరుగా డాబా కిందే.

గవర్నర్‌పేట_అసెంబ్లర్

డాబా కిందే అయితే పెట్టెని స్లాబుకి దగ్గరగా అటక మీద పెట్టకండి. నేల నుంచి రెండడుగుల ఎత్తులో, గోడకి జానెడు ఎడంగా ఉంచండి, వెనక వేడి గాలి పోవాలి. ట్రూనాస్‌లో డిస్కు వేడి గ్రాఫ్ వస్తుంది. 45 దాకా ఏమీ చేయక్కర్లేదు. 50 దగ్గరికొస్తే ముందు జాలీ తీసి దుమ్ము చూడండి, ఇంకా తగ్గకపోతే వెనక ఇంకో 120 ఎంఎం ఫ్యాను. 55 చూపిస్తే ఆ మధ్యాహ్నం సర్వర్ ఆపేసి సాయంత్రం వేసుకోండి, కాపీ గుంటూరులో ఉంది కదా. పార్టులు వచ్చాక ఫోటోలు పెట్టండి, కేబుల్ ఎలా కట్టాలో చూసి చెప్తాను.